ఇస్‌హాఖ్ అబ్రవనేల్: రాజుల కొలువులో రాజరికాన్ని ప్రశ్నించిన యూద పండితుడు

దైవధర్మాన్ని అనుసరించి బ్రతకదలచిన ప్రతి సమాజం ముందూ ఏదో ఒక రోజు ఒక ప్రశ్న వచ్చి నిలుస్తుంది. ధర్మశాస్త్రం తెలిసిన పండితుని మాట పైదా, సైన్యమూ ఖజానా చేతిలో ఉన్న పాలకుని మాట పైదా? పాలకుడు ధర్మశాస్త్రానికి లోబడాలా, లేక ధర్మశాస్త్రమే పాలకుని అవసరాలకు తగ్గట్టు వంగాలా? ఈ ప్రశ్న మన ఉలమాలకు కొత్త కాదు. గ్రంథప్రజలైన యూదుల పండితులు కూడా దీనితో రెండు వేల ఏళ్లకు పైగా తలపడుతూనే ఉన్నారు. వారిలో ఒకరు ఈ ప్రశ్నను పుస్తకాల్లో చదవడంతో సరిపెట్టుకోలేదు. తన ఇల్లు, ఆస్తి, గ్రంథాలయం, చివరకు మనవణ్ణి కూడా పోగొట్టుకుని దాని జవాబు వెతికారు. ఆయన పేరు ఇస్‌హాఖ్ అబ్రవనేల్. తౌరాత్‌కూ ప్రవక్తల గ్రంథాలకూ ఆయన రాసిన వ్యాఖ్యానాలను యూదులు ఈనాటికీ చదువుతారు.

జననం, కుటుంబం

అబ్రవనేల్ 1437లో పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో జన్మించారు. పూర్వీకులది అందులుస్ గడ్డ. తాతగారైన సమూయేల్ సెవిల్ (ఇష్బీలియా) నగరంలో పేరున్న ధనికుడు, కాస్టీల్ రాజుల వద్ద ఉన్నత పదవులు నిర్వహించినవాడు. 14వ శతాబ్దం చివర స్పెయిన్‌లో యూదులపై జరిగిన దాడుల కాలంలో ఆయన క్రైస్తవం పుచ్చుకోవలసి వచ్చింది. ఆ తర్వాత కుటుంబం పోర్చుగల్‌కు తరలి వచ్చి తిరిగి తమ మతాన్ని బహిరంగంగా ఆచరించసాగింది. రాజు కొలువులో ఎంత ఎత్తుకు ఎదిగినా ఒక్క రోజులో అంతా తలకిందులు కావచ్చని ఆ ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

తమది హజ్రత్ దావూద్ (అలై) వంశమని ఆ కుటుంబం చెప్పుకునేది. రాజవంశీకులమని చెప్పుకునే ఇంట్లో పుట్టిన వ్యక్తే రాజరికాన్ని అంత తీవ్రంగా విమర్శించాడన్న సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

లిస్బన్‌లో యోసేఫ్ హయ్యీమ్ అనే పండితుని వద్ద అబ్రవనేల్ ధర్మవిద్య నేర్చుకున్నారు. హీబ్రూతో పాటు లాటిన్, పోర్చుగీసు, కాస్టీలియన్ భాషలు వచ్చు. అరిస్టాటిల్, సిసిరో, సెనెకాల రచనలను, క్రైస్తవ పండితుల వ్యాఖ్యానాలను కూడా చదివారు. తండ్రి యూదా రాజకుటుంబానికి అప్పులిచ్చే పెద్ద వర్తకుడు. తండ్రి తర్వాత ఆ బాధ్యత కుమారునికి వచ్చింది. ఆయన పోర్చుగల్ రాజు ఐదవ అఫోన్సో ఆంతరంగికుల్లో ఒకరయ్యారు.

బందీల విడుదల

1471లో అఫోన్సో సైన్యం మొరాకో తీరంలోని అసీలా పట్టణాన్ని ఆక్రమించింది. అక్కడి ముస్లింలు వేల సంఖ్యలో బందీలయ్యారు. వారితో పాటు సుమారు 250 మంది యూదులు కూడా చిక్కారు. వారిని పోర్చుగల్‌కు తెచ్చి బానిసలుగా అమ్మారు. ఏ రాజు దగ్గర అబ్రవనేల్ కొలువు చేస్తున్నారో ఆ రాజు సైన్యమే ఆయన మతస్థులను బజారులో నిలబెట్టింది.

బందీలను విడిపించడం యూద ధర్మశాస్త్రంలో గొప్ప పుణ్యకార్యం. జకాత్ ఖర్చు చేయవలసిన వాటిలో బానిసల విముక్తి ఒకటని తెలిసిన మనకు దాని విలువ వేరే చెప్పనక్కర లేదు. అబ్రవనేల్ 12 మంది పెద్దలతో ఒక సంఘం ఏర్పరచి, ఊరూరా చందాలు పోగుచేయించి, తన సొమ్ము కూడా వేసి వారిని విడిపించారు. విడుదలైనవారు భాష నేర్చుకుని సొంతంగా జీవనం సాగించే వరకు వారి పోషణకు కూడా ఏర్పాట్లు చేశారు. ఈ విషయమై ఇటలీలోని పీసా నగరానికి చెందిన యెహియేల్ అనే యూద ప్రముఖునికి ఆయన రాసిన ఉత్తరం నేటికీ ఉంది.

మొదటి పలాయనం

అఫోన్సో 1481లో మరణించాడు. అతని కుమారుడు రెండవ జువావ్ పెద్ద ప్రభువుల బలాన్ని అణచి అధికారమంతా తన గుప్పిట్లోకి తెచ్చుకోదలచాడు. 1483లో రాజ్యంలోకెల్లా బలవంతుడైన బ్రగాంజా డ్యూక్‌కు మరణశిక్ష వేయించాడు. అబ్రవనేల్ కుటుంబానికి ఆ డ్యూక్‌తో సన్నిహిత సంబంధాలుండేవి. రాజు నుంచి ఆయనకు కబురు వచ్చింది. ఆయన బయలుదేరారు కూడా. కాని దారిలో మిత్రులు హెచ్చరించడంతో సరిహద్దు దాటి కాస్టీల్‌లోకి వెళ్ళిపోయారు. ఆస్తి సర్వం జప్తు అయింది. 1485లో ఆయన పరోక్షంలోనే మరణశిక్ష విధించారు.

నిన్నటి దాకా రాజుకు దగ్గరివాడు. నేడు తలదాచుకోవడానికి చోటు వెతుక్కునే పరదేశి. సరిహద్దులోని సెగూరా అనే ఊళ్ళో ఆగి ఆయన చేసిన పని గ్రంథరచన. కొలువు పనుల్లో పడి దైవగ్రంథ సేవను నిర్లక్ష్యం చేసినందుకే ఈ ఆపద వచ్చిందని ఆయన భావించారు. యెహోషువ గ్రంథానికి వ్యాఖ్యానం 16 రోజుల్లో, న్యాయాధిపతుల గ్రంథానికి 25 రోజుల్లో పూర్తి చేశారు. ఆ తర్వాత శమూయేల్ గ్రంథం చేపట్టారు. బనీ ఇస్రాయీల్ రాజును కోరిన వృత్తాంతం ఉన్నది అందులోనే.

రాజును కోరిన జాతి

ఆ వృత్తాంతం మన పాఠకులకు తెలిసిందే. బనీ ఇస్రాయీల్ పెద్దలు తమ ప్రవక్త వద్దకు వచ్చి రాజును నియమించమని కోరడం, అల్లాహ్ తాలూత్‌ను నియమించడం, సంపద లేనివాడు రాజెలా అవుతాడని వారు అభ్యంతరం చెప్పడం దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో ఉంది. యూదుల గ్రంథంలో ఈ ఘట్టం మరో తీరులో సాగుతుంది. అక్కడ ఆ కోరిక ప్రవక్త శమూయేల్‌కు బాధ కలిగిస్తుంది. రాజు వస్తే మీ కొడుకుల్ని సైన్యంలోకి లాక్కుంటాడని, మీ పంటలో పదో వంతు తీసుకుంటాడని ఆయన హెచ్చరిస్తారు. జనం వినరు.

ఇక్కడ యూద పండితులకు ఒక చిక్కు ఎదురైంది. తౌరాత్ ఐదో గ్రంథంలో రాజు నియామకం ప్రస్తావన ఉంది. రాజు గుర్రాలను, భార్యలను, వెండి బంగారాలను పెంచుకోరాదని, ధర్మశాస్త్ర ప్రతిని రాసుకుని జీవితాంతం చదువుకోవాలని అక్కడ షరతులున్నాయి. మరి రాజును పెట్టుకోవడం విధియా, లేక కేవలం అనుమతియా? విధి అయితే శమూయేల్ ఎందుకు బాధపడాలి?

తల్మూద్ కాలంలోనే దీనిపై భేదాభిప్రాయం ఉంది. రాజును నియమించుకోవడం ఆ జాతికి విధించిన ఆజ్ఞ అని రబ్బీ యెహూదా అన్నారు. జనం సణుగుతారని ముందే తెలిసి చెప్పిన మాట మాత్రమే అది, ఆజ్ఞ కాదని రబ్బీ నెహొరాయ్ అన్నారు. 12వ శతాబ్దపు మహాపండితుడు, సుల్తాన్ సలాహుద్దీన్ ఆస్థానంలో వైద్యుడిగా పనిచేసిన మూసా బిన్ మైమూన్ తన ధర్మశాస్త్ర సంహితలో దానిని విధిగానే రాశారు. తర్వాతి పండితుల్లో ఎక్కువమంది ఆ మాటే పట్టుకున్నారు.

రాజుకు ధర్మపీఠం ఎంతవరకు అడ్డు చెప్పగలదన్న దానికి కూడా తల్మూద్‌లో ఒక కథ ఉంది. యన్నై అనే రాజు సేవకుడు హత్య చేశాడు. పండితుడైన షిమోన్ బిన్ షెతాహ్ రాజును కూడా న్యాయస్థానానికి రప్పించి, నిలబడి జవాబు చెప్పమన్నారు. రాజు మిగతా న్యాయమూర్తుల అభిప్రాయం అడిగాడు. వారంతా భయంతో తలలు దించుకున్నారు. ఆ తర్వాత అలాంటి రాజులు తీర్పు చెప్పరాదని, వారిపై తీర్పు చెప్పరాదని నియమం పెట్టారు. న్యాయమూర్తుల భయం నుంచి పుట్టిన నియమం అది. దావూద్ వంశపు రాజులకు ఈ మినహాయింపు లేదని, వారు కూడా న్యాయస్థానానికి లోబడినవారేనని మూసా బిన్ మైమూన్ రాశారు.

అబ్రవనేల్ జవాబు

అబ్రవనేల్ పెద్దల మాటను కాదని నెహొరాయ్ పక్షాన నిలిచారు. తౌరాత్‌లో ఉన్నది ఆజ్ఞ కాదు, మనిషి బలహీనతను దృష్టిలో ఉంచుకుని ఇచ్చిన అనుమతి మాత్రమే అన్నారు. యుద్ధంలో చిక్కిన స్త్రీ విషయంలో తౌరాత్ ఇచ్చిన సడలింపు లాంటిదేనని పోల్చారు. చేయమని చెప్పినది వేరు, చేయకుండా ఉండలేరు గనుక హద్దులు పెట్టినది వేరు.

తరువాత, రాజు లేనిదే రాజ్యం నిలవదన్న తత్వవేత్తల వాదాన్ని చేపట్టారు. రాజు కావాలనేవారు మూడు కారణాలు చెబుతారు: పాలనలో ఏకత్వం ఉండాలి, అది నిరంతరంగా సాగాలి, అధికారానికి అడ్డు ఉండకూడదు. ఈ మూడింటినీ ఆయన ఒక్కొక్కటిగా ఖండించారు. పలువురు సంప్రదించుకుని ఒక్క నిర్ణయానికి రావచ్చు. పాలకులు ఏడాదికో మూడేళ్లకో మారితే నష్టం లేదు, పైగా తర్వాత వచ్చేవారు తమ తప్పులను విచారిస్తారన్న భయం ఉంటుంది. అడ్డులేని అధికారం అవసరమే లేదు, చట్టం హద్దుల్లో ఉన్న అధికారం చాలు. పలువురు కలిసి తప్పు చేయడం కన్నా ఒక్కడు తప్పు చేయడం సులభమని ఆయన వాదన. వెనీస్, ఫ్లోరెన్స్, జెనోవా వంటి ఇటలీ నగరాలు రాజులు లేకుండానే బాగున్నాయని ఉదాహరణ చూపారు.

ఇతర జాతులకే రాజు అవసరం లేనప్పుడు, ధర్మశాస్త్రం ఉన్న జాతికి అసలే అవసరం లేదన్నది ఆయన తీర్పు. రాజు చేసేవి మూడు పనులు: యుద్ధంలో రక్షించడం, చట్టాలు చేయడం, అత్యవసరాల్లో చట్టానికి బయట శిక్షించడం. బనీ ఇస్రాయీల్‌కు రక్షకుడు దైవమే. చట్టం తౌరాత్‌లో ఉంది. మూడో పనికి 71 మంది పండితుల మహాన్యాయసభ ఉంది. ఇక రాజు చేయవలసింది ఏమిటి? యూద రాజుల్లో ఎక్కువమంది జనాన్ని విగ్రహారాధన వైపు లాగారని, న్యాయాధిపతులు, ప్రవక్తలు అలా చేయలేదని చరిత్రను సాక్ష్యంగా చూపారు.

మళ్ళీ అదే కొలువు

ఇలా రాసిన మనిషి ఆ కలం పక్కన పెట్టి ఎక్కడికి వెళ్ళారో చూడండి. 1484లో స్పెయిన్ పాలకులైన ఫెర్డినాండ్, ఇసబెల్లాల కొలువులో చేరారు. పన్నుల వసూళ్ళ బాధ్యత తీసుకున్నారు. గర్నాతా (గ్రెనడా) యుద్ధానికి వారికి పెద్ద మొత్తాల్లో అప్పులిచ్చారు. అందులుస్‌లోని చివరి ముస్లిం రాజ్యం హిజ్రీ 897లో, అంటే 1492 జనవరి 2న పతనమైంది. ఆ యుద్ధానికి వెచ్చించిన ధనంలో ఆయన సొమ్ము కూడా ఉంది.

అప్పటికే స్పెయిన్‌లో మతవిచారణ సభలు నడుస్తున్నాయి. 1478లో పోప్ ఇచ్చిన అనుమతితో ఆ విచారణాధికారులను నియమించే హక్కు రాజుల చేతికి వచ్చింది. అంటే మతం పేరిట శిక్షించే కత్తి సింహాసనం చేతిలో ఉంది. గర్నాతా పడిన మూడు నెలలకే, మార్చి 31న, ఆ నగరంలోనే మరో ఫర్మానాపై సంతకాలయ్యాయి. యూదులందరూ జులై నెలాఖరులోగా క్రైస్తవం స్వీకరించాలి, లేదా దేశం విడిచిపోవాలి. వెళ్ళేవారు బంగారం, వెండి, నాణేలు తీసుకుపోరాదు.

అబ్రవనేల్ రాజును మళ్ళీ మళ్ళీ వేడుకున్నారు. ఎంత ధనమైనా ఇస్తామన్నారు. ఆస్థానంలోని ప్రభువుల చేత చెప్పించారు. ఫలితం లేకపోయింది. ఏళ్ల తరబడి ఆయన డబ్బుతో పని జరుపుకున్న సింహాసనం ఆయన మాటను లక్ష్యపెట్టలేదు.

ఈ సమయంలోనే మరొక సంఘటన జరిగింది. కాస్టీల్ యూదులందరికీ ప్రధాన న్యాయమూర్తిగా రాజ్యమే నియమించిన అబ్రహాం సెనియోర్ అనే వృద్ధుడుండేవాడు. పన్నుల వసూళ్ళలో అబ్రవనేల్‌కు సహచరుడు కూడా. 1492 జూన్‌లో ఆయన రాజు, రాణి సమక్షంలో క్రైస్తవం స్వీకరించాడు. రాజ్యం ఇచ్చిన ధర్మపదవి పరీక్షా సమయంలో రాజ్యం వైపే ఒరిగిపోయింది. అబ్రవనేల్ మాత్రం ప్రవాసాన్నే ఎంచుకున్నారు. తాను ఇచ్చిన అప్పులను వదులుకుని, ప్రత్యేక అనుమతితో కొద్దిపాటి బంగారం తీసుకుని వలెన్సియా రేవు నుంచి కుటుంబంతో ఓడ ఎక్కారు.

ఆయనను ఆపడానికి ఏడాది వయసున్న మనవణ్ణి అపహరించే పన్నాగం జరిగింది. పెద్ద కుమారుడు యూదా ఆ బిడ్డను దాదితో రహస్యంగా పోర్చుగల్‌కు పంపాడు. అక్కడ రాజు జువావ్ బిడ్డను పట్టి ఉంచాడు. 1497లో పోర్చుగల్ యూదులందరినీ బలవంతంగా క్రైస్తవులుగా మార్చినప్పుడు ఆ బాలుడు కూడా అందులో చేరిపోయాడు. తండ్రి ఆ దుఃఖాన్ని హీబ్రూలో విలాప కావ్యంగా రాసుకున్నాడు.

గర్నాతా ముస్లింల గతి కూడా ఇలాగే అయింది. వారి మతానికి రక్షణ ఇస్తామన్న ఒప్పందం ఉండగానే 1499 నుంచి బలవంతపు మతమార్పిడులు మొదలయ్యాయి. 1502లో కాస్టీల్ ముస్లింలకు కూడా మతం మారడమో వెళ్ళిపోవడమో అన్న ఆజ్ఞ వచ్చింది. స్పెయిన్ నుంచి వెళ్ళగొట్టబడిన యూదుల్లో ఎందరినో ఉస్మానీ సుల్తాన్ రెండవ బాయజీద్ తన రాజ్యంలోకి రానిచ్చాడు. సెలానిక్, ఇస్తాంబుల్ నగరాల్లో వారు స్థిరపడ్డారు.

ప్రవాసంలో

అబ్రవనేల్ ఇటలీలోని నేపుల్స్ చేరారు. అక్కడ 1493లో రాజుల గ్రంథ వ్యాఖ్యానం ముగించారు. మళ్ళీ అక్కడి రాజు ఫెర్రాంతే కొలువులో, ఆయన తర్వాత కుమారుడు రెండవ అల్ఫోన్సో కొలువులో చేరారు. 1495లో ఫ్రెంచి సైన్యం నేపుల్స్‌లోకి వచ్చింది. ఆయన ఇల్లు, గ్రంథాలయం దోపిడీకి గురయ్యాయి. పదవి వదులుకున్న రాజు వెంట సిసిలీకి, ఆ తర్వాత కోర్ఫూ ద్వీపానికి వెళ్ళారు. ఎప్పుడో లిస్బన్‌లో మొదలుపెట్టి పోయిందనుకున్న తౌరాత్ ఐదో గ్రంథ వ్యాఖ్యానం రాతప్రతి ఆ ద్వీపంలో ఆయనకు దొరికింది. 1496లో ఇటలీ తీరంలోని మొనోపోలీ పట్టణంలో దానిని పూర్తి చేశారు.

రాజు నియామకం వాక్యాల దగ్గర సెగూరాలో చెప్పిన మాటలే తిరిగి చెప్పారు. కాని ఒక ప్రశ్నకు ఆయన ఇచ్చిన జవాబు చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. రాజు దుర్మార్గుడైతే ప్రజలు తిరగబడవచ్చా? అనేకమంది క్రైస్తవ పండితులు తిరగబడవచ్చని వాదించారు. అబ్రవనేల్ కాదన్నారు. ప్రజలు రాజుకు విధేయత ప్రమాణం చేశారు, దానికి షరతులు లేవు, రాజును నిలబెట్టినది దైవమైతే దించవలసినది కూడా దైవమే అని వాదించారు. బహుశా అందుకే ఆయన మొదటి మెట్టు వద్దే అంత గట్టిగా అడ్డు నిలిచారు. సింహాసనం ఎక్కించాక దించే దారి లేనప్పుడు, ఎక్కించే ముందే ఆలోచించాలి కదా!

మొనోపోలీలో చితికిపోయిన తన జాతికి ధైర్యం చెప్పడానికి మసీహ్ రాకపై మూడు గ్రంథాలు రాశారు. లెక్కలు కట్టి 1503 సంవత్సరాన్ని సూచించారు. ఆ ఏడాది వచ్చింది, వెళ్ళింది. అగోచర జ్ఞానం అల్లాహ్‌కు మాత్రమే సొంతం. ఎంతటి పండితుడైనా ఆ హద్దు దాటలేడు.

అదే 1503లో ఆయన వెనీస్ చేరారు. రాజు లేని పాలనకు ఇరవై ఏళ్ల క్రితం తాను ఉదాహరణగా చూపిన నగరం అది. పోర్చుగీసు ఓడలు 1498లో మన కాలికట్ తీరానికి దారి కనుక్కున్నాక మిరియాల వ్యాపారం వెనీస్ చేతుల్లోంచి జారిపోసాగింది. ఆ విషయంలో వెనీస్‌కూ పోర్చుగల్‌కూ మధ్య ఒప్పందం కోసం అబ్రవనేల్ మధ్యవర్తిత్వం నెరిపారు. 1508లో అక్కడే కన్నుమూశారు. పాదువాలో ఖననం చేశారు. మరుసటి ఏడాదే యుద్ధంలో ఆ శ్మశానం ధ్వంసమైంది. ఆయన సమాధి ఎక్కడో నేడు ఎవరికీ తెలియదు.

ఆయన మరణించిన 8 ఏళ్లకు, 1516లో, వెనీస్ ప్రభుత్వం యూదులందరినీ గోడల మధ్య ఒకే వాడలో ఉండాలని శాసించింది. రాజు లేకపోయినా అన్యాయం జరగగలదని ఆ శాసనం చూపింది. పాలన ఒక్కడిదైనా పలువురిదైనా, దానికి పైన న్యాయం లేకపోతే బలహీనుడికి దక్కేది ఒకటే.

మనం గ్రహించవలసినది

అబ్రవనేల్ జీవితంలో రెండు విషయాలు ఒకదాని పక్కన ఒకటి కనిపిస్తాయి. ఆయన కలం సింహాసనాన్ని నిలదీసింది. ఆయన ఖజానా సింహాసనాన్ని నిలబెట్టింది. దీన్ని కపటత్వం అనడం తొందరపాటు అవుతుంది. రాజు దయ మీద బ్రతికే అల్పసంఖ్యాక జాతికి కొలువులో తనవాడు ఒకడుండడం రక్షణ అని ఆ కాలపు పెద్దలు నమ్మారు. అసీలా బందీల విషయంలో ఆ పలుకుబడి కొంత పనిచేసింది కూడా. కాని అసలు పరీక్ష వచ్చిన రోజున అది పనికి రాలేదు. పాలకునికి అవసరమైనవాడిగా ఉండడం వేరు, పాలకుడు న్యాయానికి కట్టుబడి ఉండడం వేరు. మొదటిది రెండోదానికి పూచీ కాదు.

మరో విషయం. సెనియోర్‌కు ధర్మపదవి రాజు ఇచ్చాడు, అది రాజుతోనే పోయింది. అబ్రవనేల్‌కు ఉన్న గౌరవం ఆయన విద్య వల్ల వచ్చింది. పోర్చుగల్, స్పెయిన్, నేపుల్స్ మూడు చోట్లా ఆయన ఆస్తి పోయింది, విద్య పోలేదు. ఆయనను వెళ్ళగొట్టిన ఫర్మానాను స్పెయిన్ ప్రభుత్వం 1968లో అధికారికంగా రద్దు చేసింది. ఆయన వ్యాఖ్యానాలు మాత్రం ఇంకా చదువుతున్నారు.

ధర్మవిద్య గలవారు అధికారం దగ్గరకు వెళ్ళవలసి వచ్చినప్పుడు అక్కడ ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకుని వెళ్ళాలి. తీర్పు చెప్పవలసిన క్షణంలో తలదించుకున్న న్యాయమూర్తుల కథ ఒక్క యూదులదే కాదు. అది ఏ సమాజంలోనైనా జరగవచ్చు. అల్లాహ్ మనకు సత్యం పలికే ధైర్యాన్ని, బలహీనుల పక్షాన నిలిచే స్థయిర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.